అర ఇంచు పైపు

ఆ ఇంట్లో పొద్దు పొడిచేది తిట్లతోనే.

వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, పొయ్యి మీద చాయ్ దించేదాకా మరియమ్మ నోరు మెదిపేది కాదు. చాయ్ తాగి, గ్లాసు బోర్లించి, కొంగుతో మూతి తుడుచుకుని, డ్యూటీ ఎక్కే మనిషిలా పెరట్లోకి వచ్చేది. అక్కడ బోరు పక్కన బండ మీద కూర్చుని కోడలు హెప్సిబా అంట్లు తోముతూ ఉండేది.

"ఏంది హెప్సీ రాత్రి చారు? ఉప్పు వేసినవా, ఉప్పు డబ్బా చూపించి ఊకున్నవా?"

హెప్సిబా పీచు తీసుకుని గిన్నె అడుగు గీకేది.

"మీ తల్లాడల గిట్లనే తోముతరా? పిల్లి మొహం కడుక్కున్నట్టు?"

డాబా మీద ట్యాంకు మూత తీసి, అందులోకి తల దూర్చి, మామ ఆంథోని అరిచేవాడు. "లాభం లేదే మరియా! చుక్క రాలే. గట్టిగ అను!"

మరియమ్మ ఒకసారి పైకి చూసేది, ఒకసారి కోడలి వైపు చూసేది. ఇక తప్పదన్నట్టు గొంతు సవరించుకునేది.

"మీ అమ్మ నేర్పిన పనేనా ఇది? ఆమెకు వస్తే కదా, నీకు నేర్పేది!"

అమ్మ మాట ఎత్తగానే హెప్సిబా చెవులు వేడెక్కేవి. చేతిలోని గిన్నెలో నీళ్ళు ముందు వణికేవి. తర్వాత అంచు దాకా ఉబ్బేవి. గోడ వెంట పైకి పోయిన పైపు గుడగుడమనేది. కరెంటు లేకపోయినా, మోటారు ఆడకపోయినా, బోరులోంచి నీళ్ళు లేచి, పైపు ఎక్కి, ట్యాంకులో సర్రున పడేవి.

"ఆఁ, ఎక్కుతున్నయ్! ఎక్కుతున్నయ్! ఆపకు!"

గోడ అవతలి నుంచి పక్కింటి ప్రమీలారాణి తొంగి చూసేది, చంకన బిందెతో. "మరియక్కా, ఇంకో రెండు మాటలు అనరాదూ? నా బిందె సగంలనే ఉంది."

కొందరు పెట్టిన పచ్చడికి ఏడాదైనా బూజు పట్టదు. కొందరు ఎత్తుకుంటే ఎంత ఏడ్చే పిల్లలైనా ఊరుకుంటారు. హెప్సిబాకు కోపమొస్తే నీళ్ళు లేస్తాయి. దమ్మపేట చుట్టుపక్కల ఎవరూ దీని గురించి పెద్దగా మాట్లాడుకున్నది లేదు. చిన్నప్పుడు తల్లాడ బడిలో బోరింగు చెడిపోతే, టీచరమ్మ ఈమెను లెక్కలు రాలేదని అందరి ముందు నిలబెట్టేది. పిల్లలంతా వరసగా వచ్చి నీళ్ళు తాగి పోయేవాళ్ళు. అంతే.

కానీ కోపమొచ్చిన మనిషిని ఎక్కడైనా "ఏమైందమ్మా" అని అడుగుతారు. ఆ ఇంట్లో "ఎంత నిండింది" అని అడిగేవారు. హెప్సిబాకు కాలేది అక్కడే.

ఆమె ఆ ఇంటికి వచ్చింది ప్రేమించి. ఖమ్మంలో నర్సింగు చదువుతున్నప్పుడు హాస్టలుకు నల్లాలు తెచ్చిన ఆటోలోంచి సుకుమార్ దిగాడు. పైపుల దుకాణంలో పనిచేసే కుర్రాడు. భుజాన పైపుల కట్ట, చొక్కా నిండా తెల్లటి పొడి. "మీరు నవ్వితే చల్లటి కుండ మీద మూత తీసినట్టుంటదండీ" అన్నాడు. అంతవరకు ఆమెతో ఎవరూ అట్లా మాట్లాడలేదు. ఆ రోజు హాస్టల్ మొక్కలన్నిటికీ ఆమె రెండుసార్లు నీళ్ళు పోసింది, పోశానన్న సంగతే మరిచిపోయి. ఆమెది పాస్టరుగారి చర్చి, అతనిది ఫాదరుగారి గుడి. అయినా ఇద్దరూ పట్టుబట్టి పెళ్ళి చేసుకున్నారు. "పెండ్లయినంక కూడా నువ్వు తెల్లచీర కట్టుకొని డ్యూటీకి పో. నేనే నీకు క్యారేజీ తెస్త" అని అతను చెప్పిన మాటను ఆమె కలలో కూడా విన్నది.

పెళ్ళయిన మొదటి ఎండాకాలం చుట్టాలొచ్చారు. కరెంటు లేదు. ట్యాంకు ఎండి మోగుతోంది. అన్నాల దగ్గర ఆంథోని అందరి ముందు, "నర్సు చదివిందంట! సూది గుచ్చుడు వచ్చు గని చింతకాయ పచ్చడి నూరుడు రాదు" అని నవ్వాడు. చుట్టాలూ నవ్వారు. హెప్సిబా విస్తళ్ళ మధ్య నిలబడి ఉంది, చేతిలో పప్పు గిన్నె. డాబా మీద ట్యాంకు పొంగి, చూరు వెంట జారి, చుట్టాల చెప్పులు తడిసిపోయాయి. ఆంథోని పైకి చూశాడు. తర్వాత కోడలిని చూశాడు. మళ్ళీ పైకి చూశాడు. మరుసటి పొద్దున్నే మరియమ్మకు ఆ డ్యూటీ పడింది.

భద్రాచలంలో ఒక మిషన్ ఆసుపత్రి హెప్సిబాకు నర్సు పని ఇస్తానని పిలుస్తూనే ఉంది. ఆంథోని వాయిదా వేస్తూనే ఉన్నాడు. కడకు ఒక ఆదివారం పూజ అయ్యాక, గుడి మెట్ల మీద, ఫాదర్ ముందే ఆమె అడిగేసింది. తప్పించుకోలేక ఆంథోని మాట ఇచ్చాడు.

"నేనేమన్న రాక్షసుణ్ణా ఫాదర్? మోటారుతోటి ట్యాంకు నిండిన రోజు నేనే బస్సెక్కిస్త. ఇంట్ల నీళ్ళు లేకుండ ఎట్ల పంపాలె?"

మోటారుతో ట్యాంకు నిండితే చాలు. ఆ మాట పట్టుకుని హెప్సిబా బతికింది.

మోటారు మంచిదే. బోరులో నీళ్ళూ ఉన్నాయి. పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు కరెంటూ వచ్చేది. అయినా ట్యాంకు అడుగైనా తడవకముందే పోయేది. ఎందుకో ఆమెకు తెలుసు. ఇంజనీరు చెప్పలేదు, పుస్తకంలో చదవలేదు. తన కోపం రోజూ ఆ పైపులోంచే పోతుంది కాబట్టి తెలుసు. అది అర ఇంచు పైపు. కోపం అందులో దూరేటప్పుడు నీళ్ళు లేకుండా మింగిన మాత్ర గొంతులో అడ్డం పడ్డట్టుండేది. మనిషి కోపానికే అంత ఇరుకైతే, పాపం మోటారు ఏం చేస్తుంది?

ఆ వేసవిలో డాబా మీద ఇంకో గది లేచింది. ట్యాంకును ఆ గది మీదికి ఎక్కించాలి. పాత పైపు చాలదు, కొత్త లైను వేయాలి. హెప్సిబా గుండె గంతులేసింది. పైపులు అతికే వీరబాబు సైకిలు మీద వచ్చి దిగగానే చాయ్ ఇచ్చి, మామ ముందుకు పోయి నిలబడింది.

"మామయ్యా, ఈసారి ఇంచు పైపు వేయించుండ్రి. బోరు కాడి నుంచి ట్యాంకు దాక ఇంచే ఉండాలె."

ఆంథోని ఆర్టీసీ డిపోలో బస్సులు కడిగి రిటైరైన మనిషి. నీళ్ళ విషయంలో తన మాటే చివరి మాట అని అతని నమ్మకం. లేచి, పెరట్లో రబ్బరు గొట్టం పట్టుకుని, నల్లా తిప్పి, గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. నీళ్ళు చిమ్మి గోడ మీద కాకి లేచిపోయింది.

"చూసినవా? దారి సన్నగైతే ఫోర్సు ఎక్కువైతది. బస్సు టైర్ల బురద గిట్లనే ఊడగొట్టేటోళ్ళం. లావు పైపు వేస్తే నీళ్ళు పండుకుంటయి."

"అది మూతి కాడ మామయ్యా. దారంతా గట్ల..."

"బస్సులు నువ్వు కడిగినవా, నేను కడిగిన్నా? ఏమంటవ్ రా వీరబాబూ?"

"అవ్ సారూ, సన్నగుంటే ఫోర్సే" అన్నాడు వీరబాబు. హెప్సిబా అతని వైపు గుర్రుగా చూసింది. చేతిలో చాయ్ గ్లాసు అంచు దాకా ఉబ్బేసరికి అతను గబగబా, "అవ్ అక్కా, లావుగుంటే కూడ మంచిదే" అన్నాడు.

"నువ్వు ఎవరి వైపురా?"

"నేను పైపు వైపు సారూ. మీరు ఏది తెచ్చిస్తే అది అతికిస్త."

సాయంత్రం సుకుమార్ వచ్చాక హెప్సిబా అతని చెయ్యి పట్టుకుని కొత్త గది మెట్ల మీదికి తీసుకుపోయింది. పామాయిల్ తోటల అవతల ఎర్రటి పొద్దు గుంకుతోంది. ఇప్పుడతను పనిచేసే దమ్మపేట దుకాణంలో పైపులన్నీ అతని చేతి మీదే పోతాయి. ఏది తెస్తే అదే.

"నువ్వు ఇంచు పైపులే తీసుకురా. మామయ్య ఏమన్న అంటే నేను పడత."

"నువ్వెందుకు పడాలె? నేను లేనా?" అన్నాడు సుకుమార్. ఆమె జడలోని మల్లెపూలు సర్దుతూ, "ఇంచే తెస్త. నాయిన తిట్లు నా నెత్తి మీద. ట్యాంకు నిండుతది, నువ్వు తెల్లచీర కడతవు" అన్నాడు.

ఆ మాటకు ఆమె కోపమంతా ఎటో పోయింది. కింద వంటింటి నల్లాలో సన్నగా కారుతున్న నీళ్ళు కూడా ఆగిపోయాయి. మరియమ్మ గిన్నె పట్టుకుని కాసేపు ఎదురు చూసి, తనలో తనే నవ్వుకుని, కడవలోంచి ముంచుకుంది.

మరునాడు ట్రాలీ ఆటోలో పైపులు వచ్చాయి. అన్నీ అర ఇంచువే.

"ఇంచు స్టాకు లేదు హెప్సీ" అన్నాడు సుకుమార్ చెమట తుడుచుకుంటూ. "విజయవాడ నుంచి లోడు రాలే. వీరబాబు మళ్ళ దొరకడు. ఇప్పటికి ఇవి వేద్దాం, లోడు రాంగనే మార్పిద్దాం. నా మీద ఒట్టు."

అతని మొహం వాడిపోయి ఉంది. ఎండలో లోడు దింపి అలిసిపోయాడనుకుంది. చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది.

లైను పడింది. తెల్లటి పైపు గోడ వెంట రెండంతస్తులు ఎక్కి ట్యాంకులోకి వంగింది. కరెంటు రాగానే మోటారు వేశారు. మోటారు మూలిగింది, వేడెక్కింది, వాసన కొట్టింది. పైన నీళ్ళు ముసలాయన మెట్లెక్కినట్టు ఆగి ఆగి వచ్చి, దారంలా కారి, కరెంటుతో పాటే పోయాయి.

"మోటారుకు చేతనైత లేదు" అన్నాడు ఆంథోని, బాధేమీ లేకుండా. "పోనియ్. మన కోడలుంది కదా."

ట్యాంకు ఎత్తు పెరిగింది కాబట్టి కోపమూ పెరగాలి. ఉప్పులేని చారుకు ఇప్పుడు నీళ్ళు కింది డాబా దాటేవి కావు. మరియమ్మ రోజూ కొత్త మాట వెతుక్కోవాల్సి వచ్చేది. ఒక పొద్దున పెరట్లోకి వచ్చి, పైపును కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత కోడలి పక్కనే బండ మీద కూలబడింది.

"హెప్సీ, ఇయ్యాల దేని మీద అనాలె బిడ్డా? చారు అయిపోయింది, మీ అమ్మ అయిపోయింది, నీ రంగు గూడ నిన్ననే అయిపోయింది."

"మా చర్చి మీద అనుండ్రి అత్తమ్మా. అది ఇంకా అనలే."

మరియమ్మ నోరు తెరిచింది. పైనుంచి ఆంథోని "ఏందే, నిద్రపోతున్నవా?" అని కేకేశాడు. ఆమె తల దించుకుని, గోడకు చెబుతున్నట్టు, చర్చి మీద రెండు మాటలు అన్నది. హెప్సిబాకు కోపం వచ్చింది గానీ చర్చి కోసం కాదు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక బండ మీద కూర్చుని, ఎట్లా గాయపడాలో మాట్లాడుకుంటున్నందుకు వచ్చింది. నీళ్ళు పైపులో ఎగిశాయి. ఆ రెండంతస్తుల ఇరుకులో కోపం రాసుకుంటూ పోతుంటే ఆమెకు ఊపిరందలేదు. గోడ పట్టుకుని నిలబడి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. నర్సు కాబట్టి నాడి తనే చూసుకుంది.

అదే వారం ప్రమీలారాణి ఇంటి ఫోనుకు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. సోమవారం వచ్చి చేరాలి. లేకపోతే ఇంకో అమ్మాయిని తీసుకుంటారు.

శనివారం మధ్యాహ్నం హెప్సిబా క్యారేజీ పట్టుకుని దమ్మపేట దుకాణానికి బయలుదేరింది. లోడు వచ్చిందేమో అడుగుదామని. రాకపోతే సత్తుపల్లిలోనో అశ్వారావుపేటలోనో దొరుకుతాయేమో అతన్ని బతిమాలుదామని. దారిపొడుగునా ఎంత మెత్తగా అడగాలో తనలో తను అనుకుంటూ నడిచింది.

దుకాణం ముందు రేకుల కట్టలు నిలబెట్టి ఉన్నాయి. వాటి వెనక్కి రాగానే సుకుమార్ గొంతు వినిపించింది. ఎవరికో చెబుతున్నాడు. అదే గొంతు, హాస్టల్ ముందు ఆమెను ఆపేసిన గొంతు. వినాలనిపించి ఆగింది.

అడవి ఊరి నుంచి పోతయ్య అనే ముసలాయన కొత్త ఇంటికి పైపులు కొనడానికి వచ్చాడు. చేతిలో అర ఇంచు పైపు ముక్క పట్టుకుని, "ఇది చాలదా బాబూ? సన్నగుంటే ఫోర్సు వస్తదంటరు కదా" అంటున్నాడు.

"తాతా, నా మాట విను" అన్నాడు సుకుమార్. "మోటారు మూతి ఎంతుంటే పైకి పోయే పైపు అంతుండాలె. నీ మోటారుకు ఇంచు మూతి, నువ్వు ఇంచే వెయ్యి. ట్యాంకు నుంచి కిందికి దిగేది గూడ ఇంచే. ఆడికెల్లి వంటింటికి, బాత్‌రూముకు పోయే కొమ్మలకు ముప్పావు. అర ఇంచు కడకు, నల్లా కాడ మాత్రమే. బొటనవేలు అడ్డం పెడితే ఫోర్సు అంటరు చూడు, అది మూతి కాడి ముచ్చట. దారంతా బొటనవేలు పెడితే నీళ్ళు ఎటు పోవాలె తాతా? గోడలకు రాసుకుంట, రాసుకుంట, పైకి పోయేసరికి అలిసిపోతయి. పానం లేకుంట చేరతయి."

"మరి ఇంచు ఉన్నయా నీ కాడ?"

"ఎన్ని కావాలె?" అన్నాడు సుకుమార్. పక్కకు జరిగాడు. అతని వెనక గోడకు ఆనించి, తెల్లగా, లావుగా, దుమ్ము పట్టి, ఇంచు పైపులు కట్టలు కట్టలుగా నిలబడి ఉన్నాయి. ఆ దుమ్ము చూస్తే తెలుస్తూనే ఉంది, అవి నిన్నా మొన్నా వచ్చినవి కాదు.

హెప్సిబా అరవలేదు. ముందుకొచ్చి క్యారేజీ గల్లాపెట్టె మీద పెట్టింది. మొగుడి మొహం చూసింది. వెనుదిరిగింది.

"బాబూ, మీ డ్రమ్ము పొంగుతుంది" అన్నాడు పోతయ్య. దుకాణం ముందు తాగేనీళ్ళ డ్రమ్ము మూత తోసుకుని నీళ్ళు రోడ్డు మీద పడుతున్నాయి. పోతయ్య తన సీసా పట్టుకుని నింపుకున్నాడు.

సుకుమార్ దుకాణం వదిలేసి ఆమె వెనక పరిగెత్తాడు. దారిలో ఆమె పలకలేదు. ఇంట్లోకి పోయి, మంచం కింది నుంచి పెట్టె లాగి, చీరలు పెట్టుకుంటున్నప్పుడు పలికింది.

"స్టాకు లేదన్నవ్."

"హెప్సీ, నా మాట విను..."

"ఒట్టు పెట్టుకున్నవ్. ఆ ముసలాయనకు ఎంత మంచిగ చెప్పినవ్! దారంతా బొటనవేలు పెడితే నీళ్ళు ఎటు పోవాలె అని. నాకు చెప్పినవా ఆ మాట? మీ నాయినకు చెప్పినవా?"

"నువ్వు పోతే ఆడ్నే హాస్టల్ల ఉంటవు. వారానికో, నెలకో వస్తవు. నేనెట్ల ఉండాలె?" సుకుమార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ప్రేమతోటే చేసిన హెప్సీ. యేసయ్య తోడు."

"ప్రేమతోటి నన్ను పొద్దుగాల్నే తిట్టించినవా?"

"నేనెన్నడన్న ఒక్క మాట అన్ననా?"

"అనలే! మీ అమ్మతోటి అనిపిస్తుంటే దుప్పటి కప్పుకొని పండుకున్నవ్. నా కోపంతోటి నిండిన నీళ్ళతోటి తానం చేసి, పౌడరేసుకొని, నాకు టాటా చెప్పి పోయినవ్. చల్లగున్నయా నీళ్ళు? ఎన్నడన్న అడిగినవా, హెప్సీ నీకు రొమ్ముల నొప్పి ఎందుకస్తుందని?"

ఆమె గొంతు ఎత్తలేదు, ఎత్తాల్సిన పని లేకపోయింది. గోడ వెంట పైపు వణికిపోయింది. అన్ని నల్లాలూ ఒక్కసారే దగ్గాయి. బోరు మూత ఎగిరిపడింది. పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు వానలా మొదలై వరదలా పెరిగింది.

"ఓ మరియా! ఓ సుకుమారూ!" డాబా మీదినుంచి ఆంథోని ఆనందం పట్టలేక కేకలు వేశాడు. "నిండింది! పొంగుతుంది! చెప్పిన్నా లేదా, సన్నపైపుకే ఫోర్సు అని! రండ్రి, చూడుండ్రి!"

గోడ అవతల బిందెలు చప్పుడయ్యాయి. ప్రమీలారాణి గొంతు వినిపించింది. "పిల్లలూ, జల్దీ రండే, హెప్సక్క ఇంట్ల పొంగుతుంది!"

హెప్సిబా చేతిలో మడతపెట్టిన తెల్లచీర అట్లాగే ఉండిపోయింది. తన బతుకులో ఇంతకన్నా పెద్ద దెబ్బ లేదు. అది కూడా వాళ్ళకు ట్యాంకెడు నీళ్ళే. కోపం కూడా తనది కాకపోతే ఇక ఈ ఇంట్లో తనదేముంది?

పెట్టె పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఆంథోని మెట్లు దిగి ఎదురొచ్చాడు, తలంతా తడిసి, నవ్వుతూ.

"ఎటు?"

"భద్రాచలం. ట్యాంకు నిండింది కదా."

"నిండింది నీ కోపంతోటి. మోటారుతోటి అన్న నేను. ఫాదర్ ముందు చెప్పిన మాట, అటు ఇటు కాదు." పెట్టె మీద చెయ్యి వేశాడు. తర్వాత గోడ కింద కూర్చున్న భార్య వైపు తిరిగాడు. "ఇయ్యాల ఏమన్నవే మరియా? బ్రహ్మాండమైన మాటనే దొరికినట్టుంది. రేపటికి గూడ అదే అను!"

మరియమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఆ రోజు ఆమె ఏమీ అనలేదు. ఇంట్లో కొడుకూ కోడలూ మాట్లాడుకున్నదంతా విన్నది. గింజలున్న చాట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి, మెల్లగా లేచి నిలబడింది.

ఆ ఇంటికి బోరు లేని రోజుల్లో నీళ్ళన్నీ ఆమె నెత్తి మీదనే వచ్చేవి. రోడ్డవతలి బావి నుంచి, ఎండలో, నిండు చూలాలిగా ఉన్నప్పుడు కూడా. బోరు పడ్డాక కడవ దిగింది, తిట్టే పని ఎక్కింది. రెండూ మోయమన్నది ఒకే మనిషి. ఆమెకు కోపమొస్తుందా అని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

మరియమ్మ మొగుణ్ణి చూసింది. అంతే.

తెల్లటి పైపు కింది నుంచి ఉబ్బడం మొదలైంది. పాము కప్పను మింగినట్టు ఆ ఉబ్బు గోడ వెంట పైకి పాకింది. తర్వాత పాత చీర చిరిగినంత చిన్న చప్పుడుతో పైపు అడుగు నుంచి చివరి దాకా, చిక్కుడుకాయ ఒలిచినట్టు, రెండుగా విచ్చుకుంది. ట్యాంకులో వంగిన కొస తెగి పక్కకు పడి, నిండిన నీళ్ళన్నీ ట్యాంకు అంచు దాటి లేచి, గోడ మీదుగా దిగి ఆంథోనిని మోకాళ్ళ మీద కూలదోశాయి.

ప్రమీలారాణి గోడ మీద నుంచి చూసి, బిందె దించేసి, నెమ్మదిగా తన వాకిట్లోకి పోయింది.

"వీరబాబును పిలువుండ్రి! జల్దీ!" ఆంథోని మొహం మీది నీళ్ళు తుడుచుకుంటూ అరిచాడు. "గట్టి అర ఇంచు తెమ్మను..."

"ఇంచు" అంది మరియమ్మ.

"నీకేం తెలుసే? సన్నగుంటే..."

ఆమె ఇంకోసారి చూసింది. అతని చొక్కా జేబులో మిగిలిన గుక్కెడు నీళ్ళు లేచి, మెడ మీదుగా గడ్డం దాకా ఎక్కాయి. ఆంథోని నోరు మూసుకున్నాడు.

సుకుమార్ దుకాణానికి పోయి ఇంచు పైపులు తనే భుజాన మోసుకొచ్చాడు. తండ్రి వైపు గానీ పెళ్ళాం వైపు గానీ తలెత్తి చూడలేదు. వీరబాబు ఆదివారం పూజ అయ్యేలోపు అతికి, గోడకు కొక్కేలు కొట్టి, "నేను మొదట్నే అన్న, లావుగుంటే మంచిదేనని" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సోమవారం పొద్దున కరెంటు వచ్చింది. మోటారు మూలగలేదు. నీళ్ళు నిండు గొంతుతో పైకి పోయి ట్యాంకులో పడ్డాయి. కరెంటు ఇంకా ఉండగానే ట్యాంకు నిండి, పొర్లుడు గొట్టంలోంచి బయటికి కారింది. హెప్సిబా ఆ చప్పుడు విని తెల్లచీర కుచ్చిళ్ళు పోసుకుంది. మరియమ్మ చాయ్ తాగి గ్లాసు బోర్లించింది గానీ పెరట్లోకి రాలేదు. కోడలికి అన్నం, పచ్చడి కట్టి ఇచ్చి, "చారు నువ్వు మంచిగనే పెడతవు" అంది. ఆంథోని తనే పెట్టె పట్టుకుని రోడ్డు దాకా నడిచాడు, మాట ఇచ్చిన మనిషి కాబట్టి. బస్సు రాకముందే పెట్టె దింపి ఇంటికి తిరిగిపోయాడు.

సుకుమార్ ఉండిపోయాడు. బస్సు ఆగాక పెట్టె లోపల పెట్టి, కిటికీ కింద నిలబడ్డాడు. ఎర్రటి కళ్ళు, మాసిన గడ్డం. ఏ రోజైనా ఆ మొహం చూస్తే ఆమె దిగిపోయేదే.

"కోపం పోలేదా హెప్సీ?"

"పోలే."

"ఎన్నడు పోతది?"

"తెలువదు. ఇక్కడ విడిచిపెట్టి పోత లేను. నా కోపం నా ఎంటనే తీసుకపోతున్న."

"ఆదివారం క్యారేజీ తెస్త."

"తేకు" అంది. కిటికీ రేకు దించబోయి, గాలి ఆడదని ఆగి, మొహం అటు తిప్పుకుంది. కండక్టరు రైట్ అన్నాడు.

బస్సు ములకలపల్లి దాటి అడవి దారిలో పడింది. ఆకు రాల్చిన టేకు చెట్లు, మాడిన గడ్డి, దుమ్ము. హెప్సిబా ఏడవలేదు. ఎందుకు చేసిండు, ఎంత మంచిగ చెప్పిండు ఆ ముసలాయనకు, నాకెందుకు చెప్పలే అని లోపల అదే మాట తిరుగుతోంది. తిరిగే కొద్దీ ఎక్కువవుతోంది. కానీ ఎక్కడా అడ్డం పడటం లేదు. రొమ్ములో నొప్పి లేదు. అంత కోపంలోనూ ఊపిరి పూర్తిగా ఆడుతోంది.

కల్వర్టు దగ్గర ఎవరో దిగాలని బస్సు ఆపారు. కింద వాగు ఎండి ఇసుక మెరుస్తోంది. ఆ ఇసుకలో ముత్తక్క అనే ముసలామె, ఇంకొందరు ఆడవాళ్ళు చెలమలు తవ్వుకుని, కొబ్బరిచిప్పలతో చుక్క చుక్కా తోడుకుంటున్నారు. చూస్తుండగానే వాళ్ళ చెలమలు ఊరాయి, నిండాయి, అంచులు కరిగి ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. నీళ్ళు కల్వర్టు కింది నుంచి దారి తీసుకుని, భద్రాచలం వైపు ఇసుక మీద పారడం మొదలుపెట్టాయి.

ఆడవాళ్ళు చీరలు మోకాళ్ళ పైకి దోపుకున్నారు. ముత్తక్క కొబ్బరిచిప్ప అవతల పారేసి, తలెత్తి, బస్సు కిటికీలన్నీ ఒకసారి కలియజూసింది.

"ఎవరో ఆడపిల్ల కోపంగ పోతుంది" అంది. "పెద్ద బిందెలు తేండే, జల్దీ."